చావింటి కుర్చీలకు బిల్లు

మా టెంట్ హౌస్ పెద్దదేమీ కాదు. గోదావరిఖనిలో బొగ్గుగనుల కంపెనీ క్వార్టర్ల పక్క సందులో ఒక రేకుల గది. నూట ఎనభై ప్లాస్టిక్ కుర్చీలు, నాలుగు శామియానాలు, పెళ్ళి వంటకు సరిపోయే గంజులు, గంటెలు, రెండు నీళ్ళ డ్రమ్ములు. ఇంత చిన్న దుకాణానికి లెక్కల సాఫ్ట్‌వేర్ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. నేనూ అడిగాను. అడిగింది కంపెనీ ఏరియా ఆఫీసులో బిల్లులు తీసుకునే గుమాస్తాను.

రిటైరయ్యేవాళ్ళ సన్మానాలకు, ఆటల పోటీలకు, ఆఫీసు మీటింగులకు కుర్చీలు మా దగ్గరి నుంచే వెళ్ళేవి. మా కిరాయిలో సగం అక్కడిదే. ఒకరోజు ఆ గుమాస్తా నేను రాసిచ్చిన బిల్లును నా వైపే తోశాడు.

"ఇగ చేతిరాత బిల్లులు నడువయమ్మా. కంప్యూటర్ బిల్లు కావాలె, దాని మీద పన్నుల ఆఫీసోళ్ళిచ్చే టిన్ నంబరు ఉండాలె."

"నా రాత మంచిగ లేదా సార్?"

"రాత ముచ్చట కాదమ్మా. నా రాత కంటే నీదే నయం. కని మిషన్ రాత కావాలంటున్నరు పైనోళ్ళు."

ఆ రాత నేను నలభై దాటాక కమ్యూనిటీ హాల్లో సాయంత్రం బడికి వెళ్ళి నేర్చుకున్నది. అంతకు ముందు నా నోటుబుక్కులో బొమ్మలుండేవి. నాలుగు గీతలు గీసి పైన ఒక అడ్డగీత పెడితే కుర్చీ, గుండ్రంగా గీస్తే గంజు, గొడుగులా ఉంటే శామియానా. ఏ ఇంటికి ఏవి పోయాయో నాకు తప్ప ఇంకొకరికి తెలిసేది కాదు, నాకు జ్వరం వస్తే దుకాణం మూతపడేది. అందుకే అక్షరాలు నేర్చుకున్నాను. ఆ తర్వాత పేజీకి ఒక ఇల్లు. పైన క్వార్టర్ నంబరు, కింద పోయిన సామాను. అన్నీ వాపసు వస్తే పేజీ మీద మూల నుంచి మూలకు ఒక గీత. గీత పడిన పేజీని మళ్ళీ చూసే పని లేదు. మూడేళ్ళు బాధపడి రాయడం నేర్చుకుంటే, తీరా ఇప్పుడు రాయొద్దంటున్నారు.

ఇంకొక సంగతి ముందే చెప్పాలి. మా నోటుబుక్కులోకి ఎక్కనివి కొన్ని ఉండేవి. క్వార్టర్లలో ఎవరైనా పోయారని తెలిస్తే, వాళ్ళు అడగకముందే ట్రాలీ ఆటోలో కుర్చీలు, ఒక శామియానా వెళ్ళిపోయేవి. కిరాయి లేదు. రాసుకోవడం లేదు. వాపసు వచ్చినప్పుడు ఎంచడం కూడా లేదు. ఈ పద్ధతి పెట్టింది నా భర్త. ఆయన గనిలో మొదటి షిఫ్టు కార్మికుడు. మేము మొదట ఇరవై కుర్చీలు కొన్న వారంలోనే మా క్వార్టర్ల వరుసలో ఒక ముసలాయన చనిపోయాడు. మే నెల. వచ్చినవాళ్ళు ఎండలో నిలబడి ఉన్నారు. ఈయన డ్యూటీ నుంచి వచ్చి, మొహం కూడా కడుక్కోకుండా ఇరవై కుర్చీలూ మోసుకెళ్ళి వేశాడు. నేను పెన్సిల్ తీసి బొమ్మ గీయబోతే, "చావింటియి రాయకు" అన్నాడు. అంతే. ఆనాటి నుంచి ఎన్నడూ రాయలేదు. ఊళ్ళో పెద్ద టెంట్ హౌస్‌లు వచ్చినా క్వార్టర్లవాళ్ళు పెళ్ళికి మా దగ్గరికే రావడానికి కారణం అదేనని నేననుకుంటాను. మా కుర్చీలు వాళ్ళకంటే కొత్తవేం కాదు.

గుమాస్తా మాట విన్నాక ఒక పాత కంప్యూటర్, ప్రింటర్ కొన్నాం. డిగ్రీ చదువుతున్న మా బిడ్డ దాన్ని నడుపుతానంది. మిగిలింది సాఫ్ట్‌వేర్. అది కుర్చీ కొన్నట్టు కొనవచ్చనుకున్నాను. కూర్చుని చూస్తే విరుగుతుందో లేదో తెలుస్తుంది కదా.

మొదటిది పక్కనున్న మెడికల్ షాపు ఆయన ఊరికే ఇచ్చిన సీడీ. ఆయన దుకాణంలో బ్రహ్మాండంగా నడుస్తోంది. మా బిడ్డ అందులో కుర్చీ అని కొట్టగానే బ్యాచ్ నంబరు అడిగింది. ఏదో ఒకటి కొట్టింది. తర్వాత కుర్చీ ఏ తారీకు వరకు పనిచేస్తుందని అడిగింది.

"ఎప్పుడు ఇరుగుతదో నాకేం ఎరుక?" అన్నాను.

"తారీకు ఇయ్యకుంటే ముందుకు పోతలేదమ్మా."

"పదేళ్ళు వెయ్యి."

పదేళ్ళు వేసింది. గంజులకు పదేళ్ళు, శామియానాలకు మూడేళ్ళు. మర్నాడు ఏం తప్పు కొట్టిందో ఏమో, కంప్యూటర్ పెట్టగానే నూట ఎనభై కుర్చీలకూ కాలం తీరిపోయిందనీ వాటిని అమ్మకూడదనీ ఎర్ర అక్షరాల్లో చూపించింది. సీడీ తీసి ఆయనకు ఇచ్చేశాం.

రెండోది పేరున్న సాఫ్ట్‌వేర్. దాన్ని చూపించడానికి ఒకాయన టై కట్టుకుని వచ్చాడు. రామగుండం ఎండలో టై కట్టుకున్నందుకే నాకు జాలేసి మజ్జిగ ఇచ్చాను. ఆయన గంటసేపు చెప్పాడు. డెబిట్ అన్నాడు, క్రెడిట్ అన్నాడు. కుర్చీ బయటికి వెళితే ఏదో ఒకటి పెరుగుతుందట, ఇంకొకటి తగ్గుతుందట. ఏది పెరుగుతుందో ఎందుకు పెరుగుతుందో మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ మూడు రకాలుగా చెప్పాడు. మధ్యలో కరెంటు పోయింది. కరెంటు తయారయ్యేది మా పక్కనే, పొగ గొట్టాలు మా దుకాణం నుంచే కనబడతాయి, అయినా మా సందులో రోజుకు రెండుసార్లు పోతుంది. కరెంటు వచ్చేలోగా ఆయన ధర చెప్పాడు. ఆ డబ్బుతో అరవై కుర్చీలు వస్తాయి. మజ్జిగ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళాను.

మూడోది కరీంనగర్‌లో ఒకతను స్వయంగా తయారు చేసుకుని అమ్ముతున్నది. బస్సులో వచ్చాడు, చెప్పులు బయట విడిచి కూర్చున్నాడు, నన్ను అక్క అన్నాడు. మా బిడ్డ ఏవేవో ప్రశ్నలు అడిగింది. అతను వాటికి సమాధానంగా ఒక కాగితం ప్రింటు తీసి నా చేతిలో పెట్టాడు. కాగితం పైన మా టెంట్ హౌస్ పేరు తెలుగులో, లావు అక్షరాల్లో అచ్చయి ఉంది. నేను కూడబలుక్కోకుండా ఒకేసారి చదివాను.

"ఇదే తీసుకుందం" అన్నాను.

"అమ్మా, కింద అంతా ఇంగ్లీషే ఉన్నది. కిరాయి సంగతి ఇంక అడగనే లేదు నేను."

"పేరైతే తెలుగుల ఉన్నది గదా."

నేను దాన్ని ఎంచుకున్న కారణం అదొక్కటే. తర్వాత జరిగినదానికి మా బిడ్డనో, కరీంనగర్ అతన్నో తిట్టుకోవాలనిపించిన ప్రతిసారీ ఈ మాట గుర్తుకు తెచ్చుకునేదాన్ని.

కిరాయి అనే సంగతి దానికి తెలియనే తెలియదని రెండో రోజే బయటపడింది. దానికి తెలిసింది అమ్మడం ఒక్కటే. ఫోన్ చేస్తే కరీంనగర్ అతను నవ్వాడు.

"గంతే గదక్కా. సామాను పోయినప్పుడు అమ్మినట్టు కొట్టుండ్రి, మళ్ళ వచ్చినప్పుడు కిరాయి కోసుకొని వాపసు తీసుకున్నట్టు కొట్టుండ్రి."

అలాగే కొట్టాం. ఆ లెక్కన మేము ఒకే కుర్చీని నెలకు ఆరుసార్లు అమ్మి ఆరుసార్లు వెనక్కి తీసుకున్నాం. తెలంగాణ కావాలని చౌరస్తాలో దీక్షా శిబిరం నడుస్తున్న రోజులవి. మా శామియానా ఒకటి నెలన్నర నుంచి అక్కడే ఉంది. దానికి మేము కిరాయి అడగలేదు, వాళ్ళు ఇస్తామనలేదు. సాఫ్ట్‌వేర్ మాత్రం రోజూ పొద్దున దాన్ని ఎవరికి అమ్మారని అడిగేది. సమాధానం ఇవ్వకపోతే తెరుచుకునేది కాదు. చివరికి మా బిడ్డ దాన్ని వాళ్ళ నాన్నకు అమ్మేసినట్టు రాసింది.

"నాకెందుకే శామియానా?" అన్నాడాయన అన్నం తింటూ.

"రాష్ట్రం అచ్చినంక వాపసు తీసుకుంట బాపూ" అంది.

నెల తిరిగింది. ఆ నెలలో ఒకేరోజు రెండు పనులు పడ్డాయి. ఒక పెళ్ళికి నూట నలభై కుర్చీలు వెళ్ళాయి. ఆ పొద్దుటే నా భర్తతో ఒకే షిఫ్టులో పనిచేసే ఆయన గుండెపోటుతో పోయాడు. మిగిలిన నలభై కుర్చీలు, ఒక శామియానా ఆ ఇంటికి వెళ్ళాయి. ఎప్పటిలాగే రాయలేదు, వాపసు వచ్చాక ఎంచలేదు.

నెలాఖరు లెక్క ఎలా మూయాలో నేర్పడానికి కరీంనగర్ అతను వచ్చాడు. కంప్యూటర్‌లో నూట ఎనభై ఉన్నాయి. గదిలో ఎంచితే నూట డెబ్బై తొమ్మిది. మళ్ళీ ఎంచాం. నేను ఒకసారి, మా బిడ్డ ఒకసారి, అతను ఒకసారి. మూడుసార్లూ ఒకటి తక్కువే.

"బిల్లు లేకుంట ఎటన్న పోయినయా అక్కా?"

"ఒక ఇంటికి నలభై పోయినయి. అది చావిల్లు. అయి రాయం."

"రాయకుంటె ఎట్లక్కా? గా ఒక్కటి గక్కడ్నే ఉండొచ్చు. వాళ్ళ పేరు మీద ఎక్కిస్తే లెక్క నిలబడ్తది."

"వద్దు తమ్మీ. మా ఇంటాయన ఒప్పుకోడు."

"ఫికర్ చెయ్యకుండ్రి. మిషన్ల లోపల్నే ఉంటది. బయటికి రాదు."

అతనికి కరీంనగర్ బస్సు టైం అవుతోంది. ఒక్క కుర్చీ కోసం పొద్దుటి నుంచి ముగ్గురం ఎంచుతూ కూర్చున్నాం. నాకు విసుగొచ్చి, సరే కానియ్యమన్నాను. పోయినాయన పేరు కొట్టాడు. నలభై కుర్చీలు పోయినట్టు, ముప్పై తొమ్మిది వచ్చినట్టు కొట్టాడు. కిరాయి, రాని కుర్చీ ధర మేమెవరమూ కొట్టలేదు, దానంతటదే వేసుకుంది. లెక్క సరిపోయిందని అతను చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మా బిడ్డ నెల బిల్లులన్నీ ఒకేసారి ప్రింటు పెట్టి కాలేజీకి వెళ్ళింది. ఒక్కో కాగితమూ వస్తుంటే తీసి పేర్చాను. ప్రతిదాని మీదా మా దుకాణం పేరు. దాన్ని చదవడమే సరిపోయింది. కింద ఇంగ్లీషులో ఎవరి పేరుందో నేను చూడలేదు. చూసినా తెలిసేది కాదు. జీతాల రోజు దగ్గర పడింది, ఇంటింటికీ ఇచ్చి రమ్మని ట్రాలీ ఆటో ఆయన చేతిలో కట్ట పెట్టాను. ఆయన మా సామాను పదేళ్ళుగా తోలుతున్నాడు. అన్ని ఇళ్ళకూ ఇచ్చాడు.

తర్వాత రెండు వారాలకు వెనక వరుసలో ఒకామె దవాఖానాలో చనిపోయింది. ఎప్పటిలాగే కుర్చీలు ఎక్కించి పంపాను. అరగంటలో ట్రాలీ కుర్చీలతో సహా తిరిగి వచ్చింది.

"ఏమైంది కాకా?"

ఆటో ఆయన బండి దిగలేదు. "వద్దంటున్నరు. బజార్ల పెద్ద టెంట్ హౌస్‌ల తెచ్చుకుంటరట."

"ఎందుకట?"

"నన్నెందుకు అడుగుతవ్ బిడ్డా. బిల్లు ఎట్లనన్న వచ్చేదే అయితే, అక్కడ రూపాయి తక్కువకు ఇస్తరట గదా అన్నరు. నలుగుట్ల తల ఎత్తలేకపోయిన."

నాకు తలాతోకా తెలియలేదు. సంగతి తెలిసింది ఏరియా ఆఫీసులో, ఆ గుమాస్తా దగ్గరే. సన్మానం బిల్లు ఇవ్వడానికి వెళితే, మా దుకాణం పేరున్న కాగితం చూసి ఆయన కళ్ళజోడు తీశాడు.

"ఇట్లాంటిది ఒకటి మొన్న నా దగ్గరికి వచ్చిందమ్మా." గుండెపోటుతో పోయినాయన భార్య, ఆయన ఉద్యోగం కొడుక్కి ఇమ్మని కాగితాల ఫైలు తెచ్చిందట. డెత్ సర్టిఫికెట్, దవాఖానా చీటీ, పే షీట్లు, వాటి మధ్య మా బిల్లు. "ఈ ఫారం మీద సంతకం ఎక్కడ పెట్టాలె సారూ అని అడిగింది. ఫారం కాదమ్మా, కుర్చీల కిరాయి అని చెప్పిన. లైన్ల ఉన్నోళ్ళంత విన్నరు. నేను మెల్లగ చెప్పాల్సింది."

ఆ కాలంలో భర్త పోయిన మనిషి ఇంటికి వారానికి నాలుగు కాగితాలు వచ్చేవి. ఒక్కటి పోయినా పని ఆగుతుంది. అందుకే అచ్చులో ఉన్న ఏ కాగితాన్నీ ఎవరూ పారేయరు, ఫైలులో పెడతారు. నాకు చదువు లేని రోజుల్లో నేనూ అదే చేసేదాన్ని. గ్యాస్ వాళ్ళ చీటీని రేషన్ కార్డుతో కలిపి పదిలంగా దాచాను ఒకసారి.

ఇంటికొచ్చి నా భర్తతో చెప్పాను. "రాయకు అన్న గద" అన్నాడు, అంతే. మర్నాడు డ్యూటీలో తోటివాళ్ళు ఆయన్ని "ఏం అన్నా, మేం పోతే ఎంత బిల్లు ఏస్తవ్?" అని అడిగారట. నవ్వుతూనే అడిగారట.

నేను ఆ ఇంటికి వెళ్ళాను. ఆమె నాకంటే చిన్నది, చెల్లె అని పిలిచేదాన్ని. వాకిట్లో ఆమె మామ కూర్చుని ఉన్నాడు. ఎనభై ఏళ్ళ మనిషి, మోకాళ్ళు వంగవు. ఆమె లోపలి నుంచి వచ్చి గడపలో నిలబడింది.

"చెల్లే, తప్పయింది. ఆ కాయితం రావద్దుండె" అన్నాను.

ఆమె ఫైలు తెచ్చి, అందులోంచి మా బిల్లు తీసి నా చేతికిచ్చింది. "క్లర్కు సారు ఏదో చెప్పిండు, నాకు సగం సమజ్ కాలే. నీకు సదువు అచ్చుగదా అక్కా. ఏమున్నదో నువ్వే సదువు."

పైన పేరు చదివాను. మా టెంట్ హౌస్ పేరు. ఆ తర్వాత ఇంగ్లీషు. కింద అంకెలు చదివాను. నలభై. నూట అరవై. రెండు వందల యాభై. నాలుగు వందల పది.

"మధ్యల?"

"మధ్యల నాకు రాదు చెల్లే."

"మరి నీకే రాకపాయె, నాకెందుకు పంపినవక్కా?"

జరిగింది మొత్తం చెప్పాను. గుమాస్తా, పదేళ్ళ కుర్చీలు, టై కట్టుకున్నాయన, తెలుగు పేరు, ఎంతకీ దొరకని ఒక్క కుర్చీ. ఆ ఒక్క కుర్చీ కోసం ఇదంతా అయిందని చెప్తుంటే ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను, కాదు, నవ్వు ఆపుకుంటోంది.

"మావా" అంది వాకిటి వైపు తిరిగి, "నువ్వు కూసున్న కుర్చీ ఎవలది?"

ముసలాయనకు వినబడలేదు. నేను వెళ్ళి చూశాను. కుర్చీ వీపున మా టెంట్ హౌస్ పేరు. నేనే పెయింటుతో రాసింది.

"ఆ దినం నుంచి అండ్ల కూసుంటున్నడు. కింద కూసుంటే లేవలేడు. ఆటో కాక కుర్చీలు ఎత్తుకునే దినం ఇది గూడ లేపవోతే, నేనే ఉండనీ కాకా అన్న. మీరు ఎంచరు గదా అన్న ధీమా. తీస్కపోతవా అక్కా?"

కరీంనగర్ అతని సాఫ్ట్‌వేర్ చెప్పింది నిజమే. ఒక కుర్చీ ఆ ఇంట్లోనే ఉంది. అది నిజమైనందుకు నాకు ఇంకా కోపం వచ్చింది.

"ఉండనీ. రేపు ఎవలన్న అడిగితే టెంట్ హౌస్ వాళ్ళదే అని చెప్పు."

"నేను చెప్పేదేంది, ఈపు మీద రాసే ఉన్నది గదా" అంది. బిల్లును మాత్రం వెనక్కి అడిగింది. ఉద్యోగం పని అయ్యేదాకా ఏ కాగితమూ పోగొట్టదట. వద్దని ఎంత చెప్పినా వినలేదు, మళ్ళీ పే షీట్ల మధ్యే పెట్టింది.

ఆ తర్వాత చాలా రోజులు ముసలాయన వాకిట్లో ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. షిఫ్టుకు వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఆ దారినే పోతారు, కుర్చీని మేము వెనక్కి తీసుకోలేదని అందరూ చూశారు. మూడు నెలల తర్వాత ఆ వరుసలోనే ఇంకొక చావైతే, పంపిన కుర్చీలను ఎవరూ వద్దనలేదు. వాపసు వచ్చాక ఎంచలేదు.

బిల్లు రద్దు చేయడం మాత్రం మా వల్ల కాలేదు. సాఫ్ట్‌వేర్ రద్దుకు కారణం చెప్పమంది. దాని దగ్గర ఉన్నవి నాలుగే కారణాలు, మా బిడ్డ ఒక్కొక్కటీ తెలుగులో చెప్పింది. సరుకు బాగాలేదు, ధర తప్పు, ఆలస్యంగా పంపారు, కొన్నవాళ్ళకు నచ్చలేదు. కరీంనగర్‌కు ఫోన్ చేస్తే ఐదో కారణం పెట్టడానికి డబ్బులడిగాడు.

నా భర్త అన్నం ముందు కూర్చుని అంతా విన్నాడు. "ఎంత కావాల్నట ఆ మిషన్‌కు?"

"నాలుగు వందల పది."

లేచి చొక్కా జేబులోంచి తీసి గల్లాపెట్టెలో వేశాడు. "ముట్టినయని కొట్టు. ఇగ నోరు మూసుకుంటది."

మూసుకోలేదు. ఏరియా ఆఫీసు బిల్లులు ఇప్పటికీ అందులోనే చేస్తున్నాం, క్వార్టర్లవి నా నోటుబుక్కులోకి తిరిగి వచ్చాయి. రాష్ట్రం వచ్చింది, దీక్షా శిబిరం శామియానాను మా బిడ్డ వాళ్ళ నాన్న దగ్గరి నుంచి వాపసు తీసుకుంది. డబ్బులు ముట్టినా వాపసు రాలేదని ఆ ఒక్క కుర్చీ సంగతి మాత్రం నెలనెలా అడుగుతూనే ఉంది.

"అమ్మా, డ్యామేజ్ అని రాసేద్దం" అంటుంది మా బిడ్డ.

"మంచిగున్న కుర్చీని డ్యామేజ్ అని ఎట్ల రాస్తవే?"

"పోయిందని రాద్దం మరి."

"పోలేదు గదా. ఎక్కడున్నదో నాకెరుకే."

"మరేం రాయాలె?"

"ఏం రాయకు" అంటాను. రాయకపోతే మరుసటి నెల తెరుచుకోదంటూ చివరికి వచ్చే నెలకు వాయిదా కొడుతుంది. ప్రతి నెలాఖరుకూ మా ఇంట్లో ఇదే పంచాయితీ.